అసిరమ్మ చేతుల మీద నింద

హైదరాబాద్ దుకాణాల నుంచి వంజరం చేప ముక్కల ప్యాకెట్లు పెట్టెలకు పెట్టెలు వెనక్కి వచ్చాయి. గడువు తేదీ ఇంకా దాటనే లేదు. అయినా ప్యాకెట్లు ఉబ్బిపోయి, కత్తెర పెట్టగానే కుళ్లు కంపు గుప్పుమంది. వైజాగ్ ఫిషింగ్ హార్బర్ వెనకున్న ఆ ప్యాకింగ్ యూనిట్ యజమాని గంగాధరరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఆడవాళ్లందరినీ హాల్లో నిలబెట్టాడు.

"చేతులు కడుక్కోకుండా ముక్కలు ముట్టుకుంటే ఇలాగే అవుతుంది. ఈ ప్యాకింగ్ లైను అసిరమ్మదే కదా! రేపట్నించి రావద్దు."

అసిరమ్మకు ఒళ్లు మండిపోయింది. ఎలమంచిలి దగ్గర పల్లెలో పొలం పనులు చేసి, పెళ్లయ్యాక వైజాగ్ వచ్చి, ఈ చలి హాల్లో వేళ్లు కొంకర్లు పోయేలా పనిచేసిన మనిషి. గ్లౌజు లేకుండా ఏనాడూ చేప ముట్టుకోలేదు. ఈ మాట వీధిలోకి పాకితే తన చేతి కూర ఎవరు తింటారు?

"ఎల్లను బాబూ," అంది. "నా సేతుల్లోన మురికుందని ఎవులు సూసినారు? పరీచ్చ సేయించండి. ఉంటే నానే పోతాను."

"నాతో వాదిస్తావా?"

"వాదన కాదు. పరీచ్చ."

యూనిట్ ల్యాబ్‌లో పనిచేసే దువ్వాడ నుంచి వచ్చే అమ్మాయి హిమబిందు ముందుకొచ్చింది. "చేద్దాం సార్. చేతులొక్కటే కాదు, చేప తగిలే ప్రతి చోటా చూస్తాను." మిగతా ఆడవాళ్లు కూడా చేతులు చాపారు. అంతమంది ముందు గంగాధరరావు కాదనలేకపోయాడు.

హిమబిందు దూదిపుల్లతో అరచేతులూ గోళ్ల సందులూ తుడుస్తుంటే అసిరమ్మ తన వేళ్లకేసే చూసింది. ఒకవేళ ఉంటే? అయినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఫలితం వచ్చేదాకా రోజూ వచ్చి గేటు దగ్గర కూర్చుంది. వాచ్‌మన్ చలమయ్య పొమ్మన్నా కదల్లేదు.

చివరికి హిమబిందు పరుగున వచ్చింది.

"పిన్నీ, చేపను కుళ్లబెట్టిన క్రిములు నీ చేతుల్లో లేనే లేవు. ఇవి సముద్రంలోంచి చేపతోనే వచ్చే బ్యాక్టీరియా. చలికి లొంగవు, ఐసులో పెట్టినా మెల్లగా పెరుగుతాయి. ముక్కలు కోసే కొత్త మిషను లేదూ, దాని బ్లేడు వెనక జిగురులో పేరుకుపోయాయి. మూత విప్పి ఎవరూ కడగలేదు. కోసిన ప్రతి ముక్కకీ అంటుకున్నాయి."

ఇంతలో చలమయ్య లోపల్నించి కబురు తెచ్చాడు. పనిలోకి వచ్చేయమన్నారట.

అసిరమ్మ హాల్లోకి వెళ్లింది గానీ గ్లౌజు తొడుక్కోలేదు. "నన్ను ఎక్కడ అన్నారో అక్కడే బాబు వచ్చి సెప్పాల. అప్పుడే పని." మిగతా ఆడవాళ్లూ చేతులు కట్టుకుని బల్లల దగ్గర నిలబడ్డారు. చేపలు ఐసులో అలాగే ఉండిపోయాయి. ఇక గంగాధరరావే రావలసి వచ్చింది.

"మిషను సరిగ్గా కడగలేదు. ఇకనుంచి రోజూ విప్పి కడుగుతారు. సరేనా?"

"మిసిను సంగతి కాదు బాబూ. నా సేతుల సంగతి సెప్పండి."

ఆయన మొహం ఎర్రబడింది. "అసిరమ్మ తప్పేమీ లేదు," అన్నాడు నేల చూస్తూ.

"అటు సివర్నున్నోల్లకి ఇనపల్లేదు."

అదే మాట ఈసారి గట్టిగా అని, ఆమె వైపు తిరిగాడు. "ఇంకేం కావాలి?"

"టీ ఇప్పించండి. పొద్దున్నించి నిలబడున్నాం."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన నవ్వలేదు. టీ మాత్రం వచ్చింది. మిషను విప్పదీసి ఉండటంతో ఆ పూట ముక్కలన్నీ కత్తిపీటల మీదే కోశారు. అసిరమ్మ అందరికంటే ముందు కూర్చుంది.