వంద గ్రాముల కొత్తిమీర

ఆ ఏడు మా ఇంట్లో అందరికంటే బలమైన తిండి తిన్నది మా బర్రె. ఎగతాళికి రాయడం లేదు. వదిన కౌసల్య కడుపుతో ఉంది, ఆమెకు రక్తం తక్కువ. అయినా రక్తం పట్టే కూరల్లో మొదటిది రోజూ గంపెడు బర్రె ముందే పడేది.

అయిదో నెలలో వదినను పటాన్‌చెరు సర్కారు దవాఖానకు తీసుకుపోయాం. నర్సమ్మ వేలు పొడిచి చూసి, పదకొండు ఉండాల్సిన రక్తం ఎనిమిదే ఉందన్నది.

"గిట్లుంటే కాన్పు ఈడ చెయ్యం. పట్నం పెద్ద దవాఖానకు రాసిస్తం, అక్కడ నెలముందే చేరాలె. ఆకుకూరలు బాగ పెట్టుండ్రి," అని గోళీలూ, ఒక అచ్చు కాగితమూ ఇచ్చింది.

గోళీ వేసుకున్నప్పుడల్లా వదిన వాంతి చేసుకునేది. ఇక మిగిలింది కాగితమే.

ముత్తంగికి తిరిగివచ్చే బస్సులో వదిన నా చెయ్యి పట్టుకుంది. "అనసూయా, నెలంత పట్నంల నాతోటి ఎవరుంటరే?" అంది. వదినకు తల్లి లేదు. అన్నకు కంపెనీలో సెలవు దొరకదు. అమ్మ పొలం విడిచి రాలేదు. నాకు జవాబులు నోటికి ఆలస్యంగా వస్తాయి.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని కాగితం చదివి వినిపించాను. మా అవ్వ మొగులమ్మ, అమ్మ, మా ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకున్న కమలాకుమారి గారు విన్నారు. ఆమెది గుడివాడ వైపు, వాళ్లాయనకు పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం. వంద గ్రాముల ఆకులో ఎన్ని మిల్లీగ్రాముల ఇనుము ఉందో కాగితంలో వరుసగా రాసి ఉంది.

"ఇనుమా?" అంది అవ్వ. "నీ అన్న కంపెనీల ఇనుము గుట్టలు గుట్టలున్నదట గద. ఒక మేకు తెచ్చి కోడలితోటి నాకిపిస్తే అయిపాయె!"

అందరూ నవ్వారు. నేను చదివాను. "తోటకూర, ఇరవై అయిదు."

"వద్దు," అంది అవ్వ వెంటనే. "వాతం."

మెంతికూర వేడి అంది. బచ్చలి చలువ, పుట్టబోయే పిల్లకు జలుబు అంది. పుంటికూర, అదే గోంగూర, తింటే ఒళ్లంతా పుండ్లట. మునగాకు ఆషాఢంలో తప్ప ముట్టరాదట. పాలకూర పేరెత్తగానే కమలాకుమారి గారు గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "అమ్మో, మా పెద్ద ఆడపడుచుకి పాలకూరతోనే కిడ్నీలో రాళ్లొచ్చాయి మామ్మగారూ!"

నేను డైరీలో గీతలు గీసి కూర పేరు, అంకె, వద్దన్నవాళ్ల పేరు రాసుకుంటూ పోయాను. చివరికి కొట్టేయకుండా మిగిలినవి కొత్తిమీర, పుదీనా.

కమలాకుమారి గారు నా భుజం మీదుగా తొంగిచూసి, "కొత్తిమీరకి పద్దెనిమిదా! పాలకూరకి పదే! చూశారా మామ్మగారూ, మేం కొత్తిమీర లేనిదే చారు దించం. అందుకే మా పిల్లలు అలా ఎర్రగా ఉంటారు," అన్నారు.

"కొత్మీర మంచిదే," అంది అవ్వ. "ఎవ్వలకు చెరుపు చెయ్యదు."

కమలాకుమారి గారు మా ఇంట్లో దిగిన ఏడాదిన్నరలో వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదటిసారి. పప్పులో చింతపండు ఎంత వేయాలన్నదాని మీదే ఆరు నెలలు మాట్లాడుకోని మనుషులు.

"అది వంద గ్రాములకు," అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను. ఎవరూ నా వైపు తిరగలేదు.

మరునాటి నుంచి కొత్తిమీర వైద్యం మొదలైంది. కమలాకుమారి గారు రోజూ ఒక కట్ట తెచ్చి ఇచ్చేవారు. కట్టలో సగం వాళ్ల చారులోకి, మిగిలింది ఇంటిల్లిపాది కూరలోకి పోయేది. వదిన పళ్లెంలోకి వచ్చేసరికి నాలుగు రెబ్బలు. వదిన మర్యాదకు ఆ నాలుగూ నమిలి మింగేది. అవ్వ ఎదురుగా కూర్చుని, "తిన్నవా బిడ్డా? ఇగ రక్తం పడ్తది సూడు," అనేది.

తోటకూర మాత్రం బావి దగ్గర ఎవరూ వేయకుండానే మోకాలెత్తు పెరిగేది. అమ్మ కోసుకొచ్చి బర్రెకు వేసేది. బర్రె నున్నగా మెరిసిపోతోంది. దాని వేలు పొడవడానికి వీల్లేదు గాని, పొడిస్తే నర్సమ్మ మెచ్చుకునేది.

నేను రెండుసార్లు చెప్పబోయాను. మొదటిసారి అమ్మ "పొయ్యి సూడుపో" అంది. రెండోసారి కమలాకుమారి గారు, "చదువుకున్న పిల్లలకి ఇదే జబ్బు, పెద్దవాళ్ల మాట నమ్మరు," అన్నారు. చదివింది నేను, చదివి వినిపించింది నేను, నమ్మనిదాన్నీ నేనే!

నెల తిరిగింది. ఏడున్నర.

పెరగకపోగా తగ్గింది. ఇంటికి రాగానే అవ్వ తేల్చేసింది. "దీని ఒంటికే పడ్తలేదు. ఎంత పెడితె ఏం లాభం?"

"కొత్తిమీర సంతలో తాజాది దొరకడం లేదులెండి," అన్నారు కమలాకుమారి గారు.

వదిన తప్పు తనదే అయినట్టు తల దించుకుంది. సాయంత్రం బావి నుంచి బిందె తెస్తూ సగం దారిలో బిందె దించి నేల మీద కూలబడింది. పెదాలు తెల్లగా ఉన్నాయి. "పట్నం పోత తియ్యి, ఏమైతది," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా మొహం చూడలేదు.

నాకు వదిన మీద కూడా కోపం వచ్చింది. నెల రోజులు ఆ నాలుగు రెబ్బలు ఎందుకు నమిలింది?

ఆ రాత్రంతా ఆలోచిస్తే ఒక సంగతి తెలిసింది. ముత్తంగి నుంచి పటాన్‌చెరు సంత దాకా ఆకుకూరను తూచి అమ్మినవాళ్లను నేను చూడలేదు. కట్ట అంటే కట్టే. ఉల్లిగడ్డలు తూస్తారు, మిరపకాయలు తూస్తారు, ఆకును ఎవరూ తూచరు. నేను వంద గ్రాములని ఎన్నిసార్లు అన్నా వాళ్ల కళ్ల ముందు ఏమీ కనబడలేదు. వాళ్లకు కనబడింది పద్దెనిమిది ఒక్కటే.

ఆదివారం మధ్యాహ్నం అటక మీది నుంచి ఎండుమిరపకాయలు తూచే త్రాసు దించాను. ఒక తట్టలో వంద గ్రాముల రాయి పెట్టాను. రెండో తట్టలో వదిన వాటా నాలుగు రెబ్బలు వేశాను. తట్ట కదలనైనా లేదు. కట్ట విప్పి కాడలు తీసి ఆకు వేశాను. రెండో కట్ట వేశాను. మూడో కట్ట అయ్యాక గాని తట్ట దిగలేదు. ఆ ఆకంతా పళ్లెంలో పోస్తే గోపురంలా లేచింది. ఇంకో పళ్లెంలో వంద గ్రాముల తోటకూర వండి పెట్టాను. గంపలా కనబడ్డ ఆకు పొయ్యి మీద అణిగి పిడికెడయింది.

అన్నాలకు కూర్చున్నప్పుడు కొత్తిమీర గోపురాన్ని అవ్వ ముందు పెట్టాను.

"ఏందే ఇది? నేనేమన్న మేకనా?"

"వదిన దినం తినాల్సింది ఇంత. కాగితంల రాసింది గిదే," అన్నాను. "నువ్వు ఒక్కపూట తిను అవ్వా. అప్పుడు వదినకు పెడదాం."

అవ్వ ఒక పిడికెడు నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. కళ్లలో నీళ్లొచ్చాయి. గుమ్మంలో నిలబడ్డ కమలాకుమారి గారు, "పచ్చడి చేస్తే..." అని మొదలుపెట్టి, పళ్లెం ఎత్తు చూసి ఆగిపోయారు.

వదిన ముందు తోటకూర పెట్టాను. "ఇది గంతే. పిడికెడు."

"ఆ కూర తియ్యే!" అని అరిచింది అవ్వ. "తియ్యి!"

"వాతం గిట్ల నర్సమ్మ చెప్పలేదు."

"వాతం కాదే, మొద్దూ! కరువు కూర అది. కరువు సాల్ల మూడు నెలలు అదే ఉడకబెట్టుకొని తిన్నం, ఉప్పు లేకుండ. కడుపుతోటున్న కోడలికి కరువు కూర పెట్టిన్రని ఊరంత అనుకోవాల్నా? బర్లకేసే కూర!"

నెల రోజులుగా వాతం, వాతం అని మమ్మల్ని తిప్పింది ఇందుకన్నమాట. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఆ కరువుల నీ కడుపుల ఎవరున్నరు అవ్వా?"

అవ్వ కళ్లు గుమ్మం బయటికి పోయాయి. వాకిట్లో నాయిన కాళ్లు కడుక్కుంటున్నాడు. రెండు బస్తాలు ఒక్కసారే భుజానికెత్తే మనిషి.

అమ్మ మెల్లగా వదిన పళ్లెంలో అన్నం వడ్డించింది. వదిన తోటకూర కలుపుకుని మొత్తం తిన్నది. నేను బావి దగ్గరికి పోయి కూర్చున్నాను, ఎవరైనా నాతో మాట్లాడతారేమోనని భయపడి.

ఆ తరువాత రోజూ తోటకూరే. గోళీ అన్నం తిన్నాక వేసుకుంటే నిలిచింది. మరో నెలకు దవాఖానకు పోయాం. ఈసారి అవ్వ కూడా వచ్చింది. తొమ్మిది దాటింది.

"మంచిగున్నది. ఇట్లనే పెరిగితె కాన్పు ఈడనే చేద్దాం," అంది నర్సమ్మ. "ఏం పెట్టిండ్రమ్మా?"

అవ్వ కొంగు సర్దుకుని, "కొత్మీర," అంది. "దినం కొత్మీర!"

బల్ల మీద కడుపుతో ఉన్నవాళ్లు ఎనిమిది మంది కూర్చున్నారు. "కొత్మీరనట," అని ఒకామె పక్కామెకు చెప్పింది. ఎనిమిది పళ్లేలూ, ఎనిమిది సార్లు నాలుగు రెబ్బలూ నా కళ్ల ముందు తిరిగాయి.

"తోటకూర!" అన్నాను. దవాఖాన గోడలు మోగాయి. నర్సమ్మ కూడా తిరిగి చూసింది. "తోటకూర. వంద గ్రాములు. పచ్చిది ఇంత, వండితే ఇంత," అని చేతులతో చూపించాను. అవ్వ నా నడుము గిల్లింది.

"బర్లకేసేదేనా?" అంది ఒకామె.

"అదే."

"ఎట్ల వండాలె మరి?"

"కాడలు పారేసి, నీళ్లు బాగ పోసి, మెత్తగ అయ్యేదాక..."

"మొద్దు మొహమా!" అంది అవ్వ, ఇక ఓర్చుకోలేక. "లేత కాడలు పారేస్తరా? నీళ్లెందుకే, ఆకుల ఉన్న తడే సాలు. ఇటు జరుగుండ్రమ్మా, దీనికేం తెల్వదు. ఆ కరువు సాల్ల నేను..."

ఆమె బల్ల చివర కూర్చుంది. మా బస్సు పోయింది.