వెయ్యకుండా మిగిలిన బంతి

గల్ఫ్‌లో, గుదైబియా పేటలోని ఫిజియోథెరపీ క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది నొప్పి తగ్గితే చాలంటారు. ఎలిసెయో మాత్రం నొప్పి ఊసే ఎత్తలేదు.

"డాక్టర్, నేను ఒక బంతి వెయ్యాలి. మంచి బంతి," అన్నాడు.

ఇంద్రజ అతని కుడిచెయ్యి పట్టుకుని మెల్లగా పైకెత్తింది. భుజం దాటి లేవలేదు. వయసు యాభై ఎనిమిది. మెక్సికో నుంచి కూతురి దగ్గరికి వచ్చాడు. ఆ అమ్మాయి ఈసా టౌన్‌లో టీచరు.

"క్రికెట్టా సార్?"

"బేస్‌బాల్."

వారానికి మూడుసార్లు వచ్చేవాడు. ఆమె చెయ్యి సాగదీస్తున్నంతసేపూ తన సంగతులు చెప్పేవాడు. పంతొమ్మిదేళ్ళు రిలీఫ్ పిచ్చర్‌గా ఆడాడు. అంటే, ఆట మొదలుపెట్టినవాడి చెయ్యి అలసిపోయాక, చివర్లో దిగి బంతులు వేసి గెలుపు నిలబెట్టేవాడన్నమాట. ఆరువందల పైచిలుకు ఆటల్లో దిగాడు. వాటిలో ఒక్కదాన్నీ తను మొదలుపెట్టలేదు. మైదానం చివర బల్ల మీద కూర్చుని, దిగమని కోచ్ పిలిచే గోడ ఫోను ఎప్పుడు మోగుతుందా అని గంటలకొద్దీ ఎదురుచూడటమే సగం ఉద్యోగం. ముప్పయ్యో ఏట అమెరికాలో పెద్ద జట్టు పిలిచింది. పదకొండు రోజులు వాళ్ళ చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు. ఒక్కసారి ఫోను మోగింది. లేచి చెయ్యి వేడెక్కించుకుంటుండగానే వాన పడి ఆట ఆగిపోయింది. పన్నెండో రోజున వెనక్కి పంపేశారు.

"మీరు వెయ్యాలనేది ఆ బంతేనా?"

"కాదు. అది నాకు రాసిపెట్టి లేదు. ఇది నాదే."

అతని చివరి ఆట సొంత ఊళ్ళోనే జరిగింది. ఆఖరి బ్యాటరు రెండు బంతులు తాకలేకపోయాడు. మూడోదీ తప్పితే గెలిచినట్టే. ఎలిసెయో చెయ్యి వెనక్కి తీశాడు. భుజంలో ఏదో పుటుక్కుమంది. బంతి జారి కాళ్ళ దగ్గర పడింది. అతన్ని లోపలికి నడిపించుకుపోయారు. ఇంకొకడు వచ్చి ఆ ఒక్క బంతీ వేశాడు. జనం కేకలు గోడ అవతలినుంచి వినపడ్డాయి.

"పదహారేళ్ళయింది. ఇప్పటికీ చెయ్యి వెనక్కి తీసి అక్కడే నిలబడ్డట్టుంటుంది, డాక్టర్."

తొమ్మిది వారాలకి చెయ్యి తల మీదుగా లేచింది. శుక్రవారం సాయంత్రాలు సరదాగా ఆడుకునే జట్టుతో కూతురు మాట్లాడింది. ఇంద్రజ కూడా వెళ్ళింది. ఎదురుగా బ్యాటుతో ఫిలిప్పీన్స్ వెల్డరొకడు నిలబడ్డాడు.

"జాలిపడకు. నిజంగానే కొట్టు," అన్నాడు ఎలిసెయో.

బంతి వేగంగా ఏమీ పోలేదు. కానీ చివరి క్షణంలో పక్కకి వంగి కిందికి దిగింది. వెల్డరు గట్టిగా ఊపిన బ్యాటు బంతికి తగలకుండా గాలిలో తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. కూతురు ఏడ్చేసింది. ఎలిసెయో మాత్రం ఏదో పోగొట్టుకున్నవాడిలా నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం వాచిన భుజంతో క్లినిక్‌కి వచ్చాడు.

"అది వేస్తే తీరిపోతుందనుకున్నాను. తీరలేదు. ఇప్పుడు ఆట మొత్తం కావాలనిపిస్తోంది," అన్నాడు.

ఇంద్రజ భుజానికి మంచుసంచీ అద్దుతూ, ఎవరికీ చెప్పని సంగతి చెప్పింది. భీమవరంలో కాలేజీ తరఫున బాల్ బ్యాడ్మింటన్ ఆడేది. ఫైనల్ నాటికి ఆమెకి అమ్మవారు పోసింది. వేపమండల మధ్య పడుకోబెట్టారు.

"మీ బదులు ఎవరు ఆడారు?"

"వీరదుర్గ. గెలిచింది కూడా. కప్పు చూపిద్దామని మా ఇంటికొస్తే, అంటుకుంటుందని మా అమ్మ గుమ్మంలోంచే పంపించేసింది."

"పేరు ఇంకా గుర్తుందే!"

"మీ బంతి వేసినవాడి పేరు మీకు గుర్తులేదా సార్?"

"ఎందుకుండదు! రొజేలియో," అన్నాడు.

ఇంద్రజ మంచుసంచీ కాస్త పక్కకి జరిపింది.