గాజుతొట్టిలో పొట్టేలు

మూడో బకెట్టు గడప దాటించేసరికి గుర్వయ్య ఎడమచెయ్యి మోచేతి దాకా మొద్దుబారింది. బకెట్టు దించి, చేతిని నాలుగుసార్లు విదిలించి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి చూశాడు. హుజూర్‌నగర్‌లో మెహమూద్ డాక్టరు దగ్గర పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు గానీ ఒక్కనాడూ తన నాడి ఆయనకు చూపించుకోలేదు. రోగముందని తెలిస్తే పనిలో ఉంచుకుంటారా?

ఈ పొద్దు భయం చేతి గురించి కాదు. వరండాలో రోగులు కూర్చునే బల్లకు ఎదురుగా గాజుతొట్టి ఉంది. ఏడాదిగా అందులో ఒక్కటే చేప. జానెడైనా లేదు గానీ ఒళ్లంతా నీలిమచ్చలు, మొండి మూతి. గుర్వయ్య వేలు ముంచితే వచ్చి వానపాము ముక్క అందుకుపోతుంది. పోయిన శుక్రవారం, జుమ్మా నాడు, డాక్టరు పట్నం నుంచి నాలుగు చారల చేపల్ని డబ్బాలో పోసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. తెల్లారి ఒకటి వెల్లకిలా తేలింది. మూడోనాడు ఇంకొకటి.

"నీళ్లు ఖరాబైతున్నయి. రోజూ మార్చు," అన్నాడు డాక్టరు నిన్న. "ఇంకోటి సచ్చిందంటే తొట్టి ఖాళీ చేయిస్త. ఆ నీలిది బావిలకు, నువ్వు కేతేపల్లికి. సమజైందా?"

సొంతూరు కేతేపల్లిలో గుర్వయ్యకు ఏముంది? కరువొచ్చిన ఏడాది గొర్లమంద పోయింది. వెనకాలే భార్య సుక్కమ్మ పోయింది. ఈ వరండా మూలన ముక్కాలిపీట, చుట్టిపెట్టిన గోనెపట్టా, ఇవే ఇల్లు.

చేపల్ని కాగులోకి తీసి, తొట్టి తోమి నింపాడు. గుర్వయ్య పని ఎప్పుడూ ఒక్కతీరే. చీపురును ఏ మేకు నుంచి తీశాడో ఆ మేకుకే తగిలిస్తాడు. మందుసీసాలన్నీ తుడిచినా ఒక్కటీ జరిగినట్టు కనిపించదు. తొట్టిలోనూ అంతే. మూతి విరిగిన మట్టికుండ ఎడమ మూలన, పక్కన నల్లరాయి, వెనక నాచు. వెంట్రుకవాసి తేడా రాకుండా సర్ది చేపల్ని వదిలాడు.

నీలిది నేరుగా పోయి కుండ ముందు నిలబడి రెక్కలు విప్పింది. మిగిలిన రెండూ అవతలి గాజుకు అతుక్కుపోయాయి. వాటిలో ఒకదాని తోక అప్పటికే పీలికలు. అది నాచువైపు కదిలిందో లేదో నీలిది దూసుకొచ్చి పక్కలో పొడిచింది. ఒక పొలుసు ఊడి, మెరుస్తూ అడుక్కి దిగింది.

వాకిలి ఊడ్చే భద్రమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"ఏం మామా, గొర్లను ఇడిసిపెట్టి చేపలను కాస్తున్నవా?"

"కాయకుంటే గీ పొట్టేలు వాటిని బతకనిస్తదా?"

"జర కట్టె తీస్కొని రెండు తగిలియ్యరాదు!"

"పొట్టేలును కొడితే మానుతదా పిల్లా..." అంటూ గుర్వయ్య ఆగిపోయాడు.

సంతలో కొత్త పొట్టేలును కొన్నప్పుడు నాయిన బీరన్న పాతదాన్ని కొట్టేవాడు కాదు. ఆ పూటే దడులు పీకి మందను వేరే చెలకలోకి మార్చేవాడు. కొత్తదాన్ని ముందు తోలి, పాతదాన్ని అన్నిటికన్నా వెనక వదిలేవాడు. అది నేల వాసన చూసి బిక్కమొహం వేసేది. "గిప్పుడు ఈ చెలకకు అదీ సుట్టమే, ఇదీ సుట్టమే," అని నాయిన నవ్వేవాడు.

మరి తను చేస్తున్నదేమిటి? తొట్టి తోమినప్పుడల్లా దాని దడి దానికే, అదే మూలన, తన చేతులతో కట్టి ఇస్తున్నాడు.

మళ్లీ చేపల్ని కాగులోకి తీశాడు. కుండను కుడి మూలకు మార్చి, మూతిని తన పీటవైపు తిప్పాడు. రాయిని ముందుకు జరిపి, నాచును రెండు పాయలు చేశాడు. ఒక వస్తువును ఉన్న జాగా నుంచి కదిలించడం పదకొండేళ్లలో ఇదే మొదలు. చారలవి రెండూ లోపల తిరగడం మొదలుపెట్టాక, చివరగా నీలిదాన్ని వదిలాడు.

అది ఎడమ మూలకు పోయింది. అక్కడేమీ లేదు. గాజును మూతితో పొడిచి, వెనక్కి తిరిగి, ఊరికే నిలబడింది.

అంతలో డ్యాము కట్టేచోట చేతులు నలిగిన కూలీలను లారీలో తెచ్చారు. గుర్వయ్య వేడినీళ్లు మోస్తూ, పట్టీలు అందిస్తూ, వరండా దాటిన ప్రతిసారీ తొట్టివైపు చూశాడు. నడిపొద్దున నీలిది తోక తెగినదాని వెంట రాయి దాకా పోయింది. గుర్వయ్య గిన్నెతో అక్కడే ఆగాడు. లోపలినుంచి డాక్టరు కేకేశాడు. గుర్వయ్య తిరిగి వచ్చేసరికి రెండూ వేరువేరుగా ఉన్నాయి.

పొద్దుగూకేవేళ డాక్టరు టోపీ పెట్టుకున్నాడు. "నమాజు చేసొచ్చి చూస్త, ఎన్ని మిగిలినయో."

గుర్వయ్య పీటమీద కూలబడ్డాడు. తిమ్మిరి చేతినుంచి దవడకు పాకింది. తొట్టిలో తోక తెగినది కుండలోకి దూరింది. నీలిది కుండ మూతి దగ్గరికి వచ్చి రెక్కలు విప్పింది.

"వద్దు బిడ్డా," అన్నాడు గుర్వయ్య, తనకే వినపడనంత మెల్లగా.

అది కాసేపు అట్లాగే నిలబడింది. రెక్కలు ముడిచింది. నాచువైపు మళ్లింది.

డాక్టరు లాంతరు ఎత్తి చూశాడు. మూడు చేపలు. "అరె, ఉన్నయి! గుర్వయ్యా, కుండ గిట్ల పెట్టినవేంది? దాని జాగల దాన్ని పెట్టు."

గుర్వయ్య పీటమీదే గోడకు ఒరిగి ఉన్నాడు. రెండోసారి పిలిచాడు. లాంతరు కింద పెట్టి, వంగి, గుర్వయ్య మణికట్టు మీద వేళ్లు పెట్టాడు. నాడి అందకపోయినా చాలాసేపటి దాకా తియ్యలేదు.

మర్నాడు తొట్టి తోమే పని భద్రమ్మ మీద పడింది. "కుండ మల్ల పాత మూలకే పెట్టాల్నా సాబ్?"

"ముట్టకు," అన్నాడు డాక్టరు.

కుడి మూలన, నీళ్ల అడుగున, మూతి విరిగిన ఆ కుండ ఖాళీ ముక్కాలిపీటవైపే తిరిగి ఉంది.