సంగడి విప్పిన రోజు

నేను ఒక తాటి దోనెను. చెట్టుగా ఉన్నప్పుడు నా నీడ ఎవరికీ పనికిరాలేదు. కాయలు మాత్రం కోసుకునేవాళ్లు. ముదిరాక నన్ను కొట్టి, లోపలి మెత్తదనమంతా ఉలితో తవ్వి పారేశారు. నల్లటి పైచేవ మిగిలింది. వేరువైపు లావుపాటి మొదలు నాకు ముందు భాగం. వెనక కొస తెరిచే ఉంటుంది, దాన్ని బంకమట్టి ముద్దతో మూస్తారు. చెట్టును పడవ చెయ్యడమంటే ఇంతే. లోపలున్నది తీసెయ్యడం.

నన్ను చేయించింది పెద్దిరాజు తండ్రి. ఆయన పోయాక పెద్దిరాజుకు వచ్చాను. మాది కొల్లేటి లంక. ఊరందరికీ ఒకటే పెద్ద వల. దాన్ని నీళ్లలో గుండ్రంగా పరిచి, దోనెలు చుట్టూ నిలిచి, అందరూ ఒకేసారి గడకర్రలు నేలకు పొడిచి నెట్టుకుంటూ దగ్గరికి రావాలి. ఒక్కడు వెనకబడితే ఆ సందులోంచి చేప పోతుంది. అందుకే గడ వెయ్యలేనివాడికి వలలో చోటుండదు. చోటు పోయినవాణ్ణి ఊళ్లో ఎవరూ ఏమీ అనరు. పలకరిస్తారు, టీ తాగమంటారు. అంతే.

పెద్దిరాజు ఇంటి కప్పు నేస్తూ జారిపడ్డాడు. అప్పటినుంచి కుడిచెయ్యి భుజం పైకి లేవదు. గడ నేలకు తాకే తీరు మారింది కాబట్టి నాకు మొదటి రోజే తెలిసింది. మనుషుల్లో తెలిసినవాడు వీర్రాఘవులు ఒక్కడే. పక్కింటివాడు, వరసకు బావ, చిన్నప్పటినుంచి జత. వలలో పక్కనే నిలబడి, ఎవరూ చూడకుండా నన్ను కూడా తన గడతో నెట్టేవాడు.

"ఎవడికి తెలుస్తుంది బావా," అనేవాడు. "నేను చెప్తానా, నీ దోనె చెప్తుందా?"

నేను చెప్పలేదు.

ఏటా కొల్లేరు తగ్గాక మగాళ్లంతా వలకు ఒకరోజు సెలవిచ్చి, కొల్లేటి నీళ్లను సముద్రానికి చేర్చే ఉప్పుటేట్లోకి పోతారు. ఆ రోజు వేట లేదు. వంటగిన్నెలు, కోళ్లు, పేకముక్కలు. పొద్దున ఏటివాలున దిగి, గట్టు మీద వండుకు తిని, సముద్రపు పోటు ఏట్లోకి ఎక్కేటప్పుడు దానితోపాటే ఇంటికి వస్తారు. ఏట్లో గాలికి ఒంటి దోనె దొర్లిపోతుంది. అందుకని రెండేసి దోనెలను పక్కపక్కన పెట్టి, అడ్డంగా వెదురుబొంగులు వేసి కడతారు. దాన్ని సంగడి అంటారు. దానికో పద్ధతుంది. నా దోనె ముడి నువ్వు వెయ్యాలి, నీ దోనె ముడి నేను వెయ్యాలి. వేసినవాడే విప్పాలి. మూడోవాడు ముట్టుకోడు. ఎవరు పెట్టారో తెలియదు. ఒకరినొకరు పూర్తిగా నమ్మేవాళ్లయితే ఇలాంటివి పెట్టుకునేవాళ్లు కాదేమో.

ఆ ఏడు నా ముడి వీర్రాఘవులు వేశాడు. గట్టిగానే వేశాడు.

పొద్దున బాగానే గడిచింది. వల పెద్ద జోగయ్య కాళ్లు చాపుకు కూర్చుని అందరినీ ఏడిపిస్తున్నాడు.

"ఏరా రాఘవులూ, ఇది కోడేనా? పిచికను పట్టుకొచ్చావా?"

"నీకు పళ్లెక్కడున్నాయి బాబాయ్, పులుసు పోస్తాలే."

అందరూ నవ్వారు. పెద్దిరాజూ నవ్వాడు. ఎడమచేత్తో గడను ఊరికే నీళ్లలో ఆడిస్తున్నాడు. పనంతా రాఘవులు గడ చేస్తోంది. చూసేవాళ్లకు ఇద్దరూ వేస్తున్నట్టే ఉంటుంది.

వంట ఆలస్యమైంది. పేకాట ఇంకా ఆలస్యమైంది. లేచి బయల్దేరేసరికి పోటు అయిపోయి, నీళ్లు వెనక్కి సముద్రంకేసి లాగుతున్నాయి. ఇక ఎదురెక్కాలి. గాలి మాత్రం పడిపోయింది.

ఏటి మధ్యకు వచ్చాక వీర్రాఘవులు గొంతెత్తాడు.

"గాలి లేదుగా, సంగళ్లు విప్పేద్దాం. రేవుదాకా ఒంటి దోనెల మీద పందెం. ఎవడి సత్తా ఎంతో తేలిపోద్ది. ఏమంటావు బాబాయ్?"

"తిన్నది అరుగుద్ది. కానీండి," అన్నాడు జోగయ్య.

"వద్దు బావా," అన్నాడు పెద్దిరాజు, మా ఇద్దరికే వినపడేలా.

"ముడి నేనేసిందేగా," అని వీర్రాఘవులు వంగాడు. ఆ వేళ్లు తడబడలేదు. ముడి వదులైంది. బొంగులు అతని దోనెతోనే పోయాయి. పెద్దిరాజు వేసిన ముడి అటువైపు అలాగే ఉంది.

పెద్దిరాజు ఎడమచేత్తో ఒక్క గడ వేశాడు. నేను అడ్డం తిరిగాను. ఇంకొకటి వేశాడు. ఇంకా తిరిగాను. తిన్నగా పోదామని నాకూ ఉంది, కానీ దోనె చేతిలో గడ ఉండదు. నీళ్లు నన్ను కిందికి లాక్కుపోతున్నాయి.

"ఏం రాజూ, సముద్రానికి పోతున్నావా? వచ్చేటప్పుడు ఉప్పు పట్రా," అన్నారెవరో. నవ్వారు. నేను మళ్లీ అడ్డం తిరిగినప్పుడు ఎవరూ నవ్వలేదు.

గట్టు పక్క తుంగలో ఇరుక్కుని ఆగాను. జోగయ్య దోనె వచ్చి నన్ను ఆనుకుంది.

"చెయ్యెత్తు," అన్నాడు.

పెద్దిరాజు ఎత్తలేదు.

"ఎన్నాళ్లయిందిరా?"

పెద్దిరాజు వీర్రాఘవులు వైపు చూశాడు. అతను గడకంటిన బురద కడుక్కుంటున్నాడు.

"నాకేం తెలుసు బాబాయ్," అన్నాడు. "నేనూ ఇప్పుడే చూస్తన్నా."

జోగయ్య దోనె వెనక నన్ను కట్టి తీసుకొచ్చారు. ఇంటిదాకా పెద్దిరాజు తన మోకాళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

వలలో పెద్దిరాజు చోటు వీర్రాఘవులు ఇల్లరికపు అల్లుడికిచ్చారు. ఎందుకు విప్పాడో అప్పుడు అందరికీ అర్థమైంది. అర్థమైనా ఎవరూ మాట్లాడలేదు. వల నిండాలిగా. అల్లుడికి చోటైతే దొరికింది గాని దోనె లేదు. ఇప్పుడు తాటిదోనె తవ్వేవాళ్లు ఎక్కడున్నారు?

ఒక మధ్యాహ్నం వీర్రాఘవులే వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు.

"బావా, దోనె ఊరికే ఎండిపోతంది. కుర్రాడికిస్తే పని చేసుకుంటాడు."

పెద్దిరాజు నాకేసి చూశాడు. "రేపు పట్టుకెళ్లు," అన్నాడు.

నేను సంతోషించాను. దాచడమెందుకు? ఎవడి అల్లుడైతేనేం, నీళ్లు నీళ్లే. వలలో మళ్లీ నిలబడతాననుకున్నాను.

వీర్రాఘవులు వెళ్లగానే పెద్దిరాజు లోపలినుంచి ఉలి, సుత్తి తెచ్చాడు. నన్ను బోర్లించాడు. కుడిచేత్తో ఉలి ఆనించాడు, అంతవరకు ఆ చెయ్యి పనికొచ్చింది. ఎడమచేత్తో కొట్టాడు. నా చేవ అంత తేలిగ్గా లొంగదు. మధ్యలో ఆగి, ఆయాసం తీర్చుకుని మళ్లీ కొట్టాడు. నా అడుగున పిడికిలి పట్టేంత చిల్లు పడ్డాకే లేచాడు.

మర్నాడు మామా అల్లుళ్లు వచ్చారు, చూశారు, వెళ్లిపోయారు.

వీర్రాఘవులు నాకు పరాయివాడు. అతను విప్పింది తాడు. ఆ చిల్లు కొట్టింది నావాడు. నేనేం చేశానని?

ఇప్పుడు నాలో మట్టి నింపి తోటకూర చల్లారు. పెద్దిరాజు రోజూ చెంబుతో నీళ్లు పోస్తాడు. పోసినవి పోసినట్టే కారిపోతాయి.

"కూరమడికి అంత చిల్లెందుకు పెట్టావయ్యా?" అంది నాంచారమ్మ, అతని భార్య.

పెద్దిరాజు ఇంకో చెంబుడు తెచ్చి పోశాడు.