లిఫ్టులో దానియేలు

తప్పంతా ఆ సిరీస్ తీసినవాళ్లది. శుక్రవారం మధ్యాహ్నం, మనిషి అన్నం తినే వేళకు కొత్త ఎపిసోడ్ వదులుతారా ఎవరైనా? వదిలితే వదిలారు, చివర్లో ఆ బక్కపలచటి కుర్రాణ్ణి లిఫ్టులోకి తోసి తలుపు మూసేస్తారా?

అబిడ్స్‌లో కళ్లద్దాల దుకాణంలో పనిచేసే డోర్కాస్, దుకాణం వెనక గదిలో టిఫిన్ డబ్బా తెరిచి, ఫోన్‌ను నీళ్ల సీసాకు ఆనించి 'ఆగిన అంతస్తు' చూస్తోంది. ఎక్కడో చలిదేశంలో తీసి తెలుగు మాటలు అతికించిన సిరీస్ అది. ఒక ఆఫీసు భవనం, అందులో ఒక పాత లిఫ్టు. ఎక్కినవాళ్లు తమ అంతస్తులో దిగరు, నాన్న చిన్నతనంలోకో మనవరాలి పెళ్లిలోకో వెళ్లి దిగుతారు. ఎందుకలా అంటే ఎవరికీ తెలియదు. రాసినవాడికి కూడా తెలియదని డోర్కాస్‌కు గట్టి అనుమానం. ఆ వారం డేనియల్ అనే కుర్రాడు ఎక్కాడు. తల్లి లేదు, తండ్రి ఏ కాలంలో తిరుగుతున్నాడో తెలియదు. బయట రెబెకా అనే పిల్ల ఏడుస్తూ నిలబడింది, కాపలావాడు ఎటో చూస్తున్నాడు, లోపల దీపం ఆరింది, పేర్లు పడ్డాయి.

"వీళ్ల మొహాలు మండ," అంది డోర్కాస్ గోడతో. "వచ్చేవారం దాక నేనేం గావాలె?"

సాయంత్రం నాంపల్లి వైపు నడుస్తుంటే కూడా ఆమెకు లిఫ్టే కళ్లముందు ఆడింది. స్టేషన్ దాటాక గల్లీలో ఉన్న చర్చి సంఘంలో శుక్రవారాలు ఆడవాళ్ల ప్రార్థన. దానికి డోర్కాసే కార్యదర్శి. పోయిన నెల లేచి నిలబడి, టీవీ అంటే నట్టింట్లో తెరిచిన సాతాను కిటికీ అని, సీరియల్ చూసిన కళ్లతో బైబిలు ముట్టుకోవద్దని తెగ దంచింది కూడా. ఫోన్‌లో చూసేది టీవీ కిందికి రాదని తనకు తాను చెప్పుకుంది. ఆ వాదంలో బలం ఉందని ఆమెకు ఇప్పటికీ నమ్మకమే.

పాట అయిపోయింది. పాస్టరు ఆనంద్ పాల్ అయ్యగారు, "ప్రార్థన విన్నపాలుంటే చెప్పండమ్మా," అన్నారు. సువార్తమ్మ తన మోకాళ్ల నొప్పి చెప్పింది. తర్వాత డోర్కాస్ వంతు. మనసు లిఫ్టులో ఉంది, నోరు మాత్రం సంఘంలో ఉంది.

"డేనియల్ కోసం చెయ్యుండ్రి," అంది. "లిఫ్టుల ఇరుక్కున్నడు. తల్లి గూడ లేదు."

అన్నాక నాలుక కరుచుకుంది. ఇంకెక్కడైనా అయితే 'ఏ సినిమా?' అని నవ్వేవాళ్లు. ఇక్కడ డేనియల్ అంటే బైబిల్లో దానియేలే, ప్రతి ఇంట్లో ఒకడు ఉన్నాడు. ఆ చలిదేశం వాళ్లు అందరికీ బైబిలు పేర్లే పెట్టి చచ్చారు, తంటా అంతా అక్కడే వచ్చింది.

"మీ బంధువా అమ్మా?" అడిగారు అయ్యగారు.

"దూరపు చుట్టం. బయటి దేశంల ఉంటడు."

"ఇంకా బయటికి తియ్యలేదా?"

"వచ్చే శుక్రవారం దాక తెలవదు అయ్యగారు." ఈ ముక్క ఒక్కటైనా నిజం చెప్పినందుకు ఆమెకు కొంచెం ఊపిరాడింది.

సింహాల బోనులో దానియేలును మరవని దేవుడు లిఫ్టులో దానియేలును మరుస్తాడా అంటూ అయ్యగారు కళ్లు మూసుకుని ఎత్తుకున్నారు. ఎంత బాగా ఎత్తుకున్నారంటే డోర్కాస్‌కే ఏడుపొచ్చింది. ఆదివారం ఆరాధనలో అందరి ముందూ మళ్లీ ప్రకటించారు.

భర్త జాబెజ్ సంగతి విని మంచం మీద దొర్లి దొర్లి నవ్వాడు.

"నీకు చుట్టమైతే నాకేమైతడే, బామ్మర్దా? రానీ, బిర్యానీ పెడ్దాం."

"నవ్వుడు ఆపుతవా? గీ సంగతి బయటపడితే సంఘంల నాకు మొహముంటదా?"

"చెప్పెయ్ మరి, సిరీస్ అని."

"నేను? సాతాను కిటికీ అన్న నోటితోని?"

జాబెజ్ మళ్లీ నవ్వాడు. ఆ మొగుడితో ఏ ఉపయోగమూ లేదు.

బుధవారం నాటికి ఆ ఇంట్లో నవ్వు పోయింది. డోర్కాస్‌కు చిన్నప్పుడు సండే స్కూల్లో పాటలు నేర్పిన మేరమ్మ, సంఘం వెనకే మేడమీది గదిలో కిరాయికి ఉంటుంది. ఒంటరి మనిషి. ఒంటినిండా షుగర్. పొద్దున డోర్కాస్ ఇడ్లీలు పట్టుకుని వెళితే, ఆ పెద్దావిడ మెట్ల మీద చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏం కాలె. ఉపవాసమున్న. దానియేలు బయటికొచ్చేదాక పొద్దూకకముందు ఏం ముట్టనని మొక్కుకున్న."

డోర్కాస్ ఇడ్లీ డబ్బా మూత తీసింది. "షుగర్ పెట్టుకొని ఉపవాసమేంది? గీ ఇడ్లీ తిను జర."

"ఆ పిల్లగాడు లిఫ్టుల ఏం తింటుండు చెప్పు," అంది మేరమ్మ.

బయటికొచ్చాడని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. కానీ అలా అంటే, 'ఫోన్ కలుపు, గొంతు వింట' అంటుంది ఈ మనిషి. అందుకని డోర్కాస్ భారమంతా శుక్రవారం ఎపిసోడ్ మీద వేసింది. అందులో వాడు నిజంగానే దిగితే, ఆ మాట కాస్త ధైర్యంగా చెప్పొచ్చు.

శుక్రవారం టిఫిన్ డబ్బా తెరవనే లేదు. ఫోన్ రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ప్రభువా, వీణ్ణి దించు. ఏ కాలంలోనైనా సరే దించు. ఎపిసోడ్ మొదలైంది. అది పాతకాలంలో లిఫ్టు బిగించిన మెకానిక్ పెళ్లి కథ. పెళ్లిచూపులు, పెళ్లి, పెళ్లిలో కొట్లాట. డేనియల్ ముఖం ఒక్కసారి కూడా కనబడలేదు. ఆఖర్న నల్లటి తెర మీద 'మిగతా కథ వచ్చే ఏడాది' అని పడింది.

"ఒరేయ్ దరిద్రుడా," అంది డోర్కాస్ గట్టిగా, "పిల్లగాడేడిరా?"

బయట అద్దాలు పెట్టుకుని చూసుకుంటున్న ముసలాయన ఉలిక్కిపడి, తననేనా అన్నట్టు వెనక్కి తిరిగాడు. వచ్చే ఏడాది దాకా మేరమ్మ పస్తుంటే మనిషి మిగలదు. డోర్కాస్ సెలవడిగి, ఆటో ఎక్కి, తిన్నగా ఆ మేడమీది గదికి పోయింది.

"పెద్దమ్మా, దానియేలు లేడు," అంది గుమ్మంలోనే. మేరమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, చచ్చిపోయిండని కాదు. అసలే లేడు. సిరీస్‌ల మనిషి. నేను ఫోన్‌ల చూస్త."

మేరమ్మ మెల్లగా వెళ్లి మంచం మీద కూర్చుంది. తిడితే బాగుండునని డోర్కాస్‌కు అనిపించింది.

"నువ్వు సాతాను కిటికీ అంటివి," అంది చివరికి. "నీ మాట ఇని నా టీవీ కింద ఇస్త్రీ బిచ్చయ్యకిచ్చిన. పొద్దూకితే ఆయన సీరియల్ పెడ్తడు. నేను తలుపు కాడ కుర్చేసుకొని ఇంట. చూస్తే పాపం గాని, ఇంటే కాదు గదా అని." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "గిన్నొద్దులు ఒక్కదానివే చూసుకున్నవా? పెద్దమ్మ ఒక్కతి ఉంటది, పిలుద్దామనిపియ్యలేదా?"

డోర్కాస్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

"ఏడ్సుడు తర్వాత," అంది మేరమ్మ. "ముందు అన్నం పెట్టు. మళ్ల ఆ పోరన్ని చూపెట్టు."

మేరమ్మ పప్పన్నం కలుపుకుని తింటూ, పోయినవారం ఎపిసోడ్‌ను ముక్కుకు ఆనించుకుని చూసింది. 'ఎంత బక్కగున్నడు' అని రెండుసార్లు అంది. లిఫ్టు తలుపు మూసుకునే చోట ఆపమని, వెనక్కి జరపమని, మళ్లీ చూసింది.

"ఆ ఏడుస్తున్న పిల్ల ఎడమ చెయ్యి చూడు," అంది. "బటను మీదున్నది."

డోర్కాస్ చూసింది. నిజమే. ఇన్నాళ్లూ ఏడుపు చూసిందే తప్ప చెయ్యి చూడలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో, విన్నపాలు అడగ్గానే మేరమ్మ లేచింది. పక్కన కూర్చున్న డోర్కాస్ ఆవిడ చెంగు పట్టుకుని లాగింది.

"దానియేలు ఇంగా బయటికి రాలె అయ్యగారు. వచ్చే ఏడాది దాక రాడంట. రెబెకా కోసం గూడ చెయ్యుండ్రి."

"రెబెకా ఎవరమ్మా?"

"లిఫ్టు మూసింది ఆమెనే. నేను కళ్లార చూసిన. డోర్కాసు గూడ చూసింది, సాక్ష్యం చెప్తది."

అందరి తలలూ ఇటు తిరిగాయి. డోర్కాస్ లేచి నిలబడింది. కార్యదర్శి పదవి పోతే పోనీ అనుకుంది. పక్కన మేరమ్మ కడుపునిండా తిన్న మనిషిలా నిదానంగా కూర్చుని ఉంది.

"పోయిన నెల నేను సాతాను కిటికీ అన్న గదా అయ్యగారు," అంది. "ఆ కిటికీలకెల్లే చూసినం."

అయ్యగారు చేతిలో బైబిలు మూశారు. అప్పుడు వెనక వరుసలోంచి సువార్తమ్మ, మోకాలు రుద్దుకుంటూ, "రెబెకా కాదు," అంది. "ఆ కాపలావాడు."