హోసీన్ పోయని కాఫీ

ఆ ఉదయం హోసీన్‌కు గడ్డం గీసినవాడు తాహర్. మానసిక చికిత్సాలయంలో పెద్ద నర్సు అతడు. మంగలిని పిలిపించి ఉండవచ్చు; పిలిపించలేదు.

“కదలకు. చెవి తెగితే మంత్రిగారు నన్నంటారు.”

“తెగనీ అన్నా, ఇంకోటి ఉందిగా!”

హోసీన్ పరిహాసమాడటమే ఒక విజయం. స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఫ్రెంచి సైనికులు నేలమాళిగలో కరెంటు పెట్టి ప్రశ్నించినప్పుడు బిగుసుకున్న ఆ నోరు, వాళ్ళు వదిలేశాక కూడా తెరుచుకోలేదు. దానిని తెరిపించినవాడు డాక్టర్ దెల్మాస్. సముద్రాల అవతలి ద్వీపం నుంచి వచ్చిన ఆ నల్లజాతి వైద్యుడు ముందుగా రోగుల కట్లు విప్పించాడు. “దేశాన్నే కట్టిపడేశారు. ఇక వీళ్ళ మంచాలకు బెల్టులెందుకు?” అనేవాడు. ఆవరణలో చాపలు పరిపించి కాఫీకొట్టు తెరిపించాడు. రోగులచేతనే కాఫీ పోయించాడు. ఒకనాడు హోసీన్ ఒక కప్పు నింపి, “చక్కెర చాలా?” అన్నాడు. ఏడాదిన్నర తరువాత అతడు పలికిన తొలి మాట అది. ఆపై డాక్టర్ స్వాతంత్ర్య యోధులలో చేరి, స్వాతంత్ర్యాన్ని చూడకుండానే కన్నుమూశాడు.

నేడు ఆసుపత్రికి ఆయన పేరు పెడుతున్నారు. మంత్రికి కాఫీ పోయవలసినది హోసీన్. ఒకప్పుడు డాక్టర్ శిష్యుడైన డైరెక్టర్ నదీర్, ఆ పదవి రాకముందే, ఆ కాఫీకొట్టులోనే, కప్పు చేతపట్టుకుని తాహర్‌కు మాట ఇచ్చాడు: “హోసీన్ పోయకపోతే ఇంకెవరు పోస్తారు బాబాయ్?” కాఫీ ముందు ఇచ్చిన మాటను ఆ ఊళ్ళో ఎవరూ శంకించరు. అందుకే, “రద్దీ తగ్గేదాకా చివరి వార్డులో కూర్చోబెట్టండి,” అని నదీర్ కబురంపితే, తాహర్ స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళాడు.

“ఇక్కడే ఉండు. వచ్చి పిలుస్తా.”

“సరే అన్నా.”

మంత్రి వచ్చాడు. కాఫీ పోసినవాళ్ళు హోటల్ నుంచి పిలిపించిన ఎర్రటోపీల మనుషులు.

“హోసీన్ పోయాలిగా?” అన్నాడు తాహర్, నదీర్ దగ్గరికి వెళ్ళి.

“బాబాయ్, మంత్రిగారి ముందు ట్రే జారిపడితే? ఒక్క పూటే కదా. కాస్త పెద్దమనసు చేసుకోండి.”

“మాటిచ్చావు, నదీర్.”

“కాదన్నానా? అప్పుడు నేను డైరెక్టర్‌ని కాను.” అంటూనే అతడు మైకు వైపు నడిచాడు. “డాక్టర్‌గారు మనకు నేర్పినది మనిషి గౌరవం...” చప్పట్లు మోగాయి.

తాహర్ వార్డుకు పరుగుతీశాడు. ఒంటిమీది కొత్త బుర్నూసు అంగీతోనే హోసీన్‌ను మంచానికి కట్టివేశారు. కాపలావాడు నసిగాడు: “డైరెక్టర్‌గారి ఆర్డరు. బయటికొస్తానని గొడవ చేశాడు. మీరు పిలుస్తారని ఒకటే అరుపు.”

తాహర్ బెల్టులు విప్పాడు. మణికట్లమీద చర్మం కమిలి ఉంది.

“నాకు తెలియదురా. ఒట్టు, నాకు తెలియదు.”

హోసీన్ కమిలిన మణికట్టును చూసుకున్నాడు. తరువాత, బాగా ఎరిగిన ముఖాన్ని మరెవరి ముఖంతోనో పోల్చుకుంటున్నట్లు, అతణ్ణి చూశాడు.

“నువ్వేగా తెచ్చింది.”

“పద, ఇప్పుడే పోదాం. నీ చేత్తోనే కాఫీ పోద్దువు. ఎవడు ఆపుతాడో చూస్తాను.”

హోసీన్ లేవలేదు. మళ్ళీ వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ తనే మంచం పట్టెల మీద ఆనించాడు.

“కట్టెయ్యండి, అయ్యా. మిమ్మల్ని మాటంటారు.”