పదో పేరు

మొదట్లో అతని చేతిలో ఉన్నవి రెండే, ఒక తెరచాప పడవ, నది ఒడ్డు నేలలో అందరితో పాటు తనకూ ఉన్న వాటా, పడవనైతే అమ్మవచ్చు, వాటా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తాతకే తెలియదు, దాన్ని ఎవడు కొంటాడు, అనుకుంటున్నాడు పారాటేనే, మావోరీల నేలలు ఎవరివో తేల్చి రాసే కోర్టు గదిలో తడిసిన కంబళ్ల వాసన, దొర జడ్జి కలం ముంచుతున్నాడు, పెదనాన్న హాకారాయా కర్ర ఊని ఒక్కో పేరుకూ ముత్తాతల దాకా, సముద్రం దాటి వచ్చిన మొదటి పడవ దాకా వంశం చదువుతున్నాడు, దుబాసీ ఆవలిస్తున్నాడు, తొమ్మిది పేర్లయ్యాయి, పదికి మించి రాయరట, దొరల శాసనసభ చేసిన చట్టమట, పదిమంది చాలరట్రా, మన ఊరి సభలోనూ అందరి తరఫున పదిమందే మాట్లాడితే మిగతావాళ్లం చచ్చినట్టా, అని పొద్దున పెదనాన్న నవ్వాడు, పదో పేరు నీదే, దొరల బేరాలు తెలిసినవాడివి, అన్న పేరు రాస్తే కాగితం కూడా ఉప్పు వాసన కొడుతుంది పెదనాన్నా, అని చెల్లెలు మెరేయానా, అందరూ పగలబడి నవ్వారు, అతను కూడా.

కానీ నిన్న రేవులో గోధుమ బస్తాలు ఎక్కిస్తుంటే ఇదే దుబాసీ చెవిలో చెప్పాడు, ఆ పదిమందే సొంతదారులోయ్, వాళ్లు సంతకం పెడితే అమ్మకం చెల్లుతుంది, మిగతా మావోరీలకు అడిగే హక్కుండదు, నీ పేరు పడితే శాసనసభకు ఓటు కూడా వేస్తావు, ఉమ్మడి నేల వాళ్లకు ఎలాగూ ఓటు లేదుగా, పెదనాన్నకు చెబితే లేచి ఇంటికి పోదాం పదమంటాడు, పోతే అవతలి ఒడ్డువాళ్లు అర్జీ పెట్టి కాచుకుని ఉన్నారు, నేలంతా వాళ్ల పేరున రాస్తారు, చెప్పినా పోతుంది, చెప్పకపోయినా పోయేలా ఉంది, ఈ తొమ్మిదిమందిలో తాగేవాడెవడు, పేకాడేవాడెవడు, దొరసానుల టోపీలు చూసి నోరు తెరిచేవాడెవడు, అని ఒక్కొక్కరి వీపూ చూస్తున్నాడు, మరి తనో, గాలివానలో తెరచాప కొయ్య విరిగితే ముందు ఏది అమ్ముతాడో తనకు తెలియదా, తను రేవులు తిరిగినన్నాళ్లూ ఆ నేల మీద పొయ్యి ఆరనివ్వనిది మెరేయానా, పొగ లేచే నేలే సొంతమని తమవాళ్ల మాట, ఆమె పేరు చెప్పు, చెప్పు, పదో పేరు కోసం జడ్జి కలం పైకెత్తి అతన్నే చూశాడు, కానీ ఈ తొమ్మిదిమందికి ఆమె అడ్డం నిలబడగలదా, తనైతే బేరం ఎరిగినవాడు, కాపలా ఉంటాడు, కాపలానే కదా, పారాటేనే, అని తన పేరే చెప్పాడు, కలం గీరుకుంది.

బయట సన్నగా వాన, నిప్పుల మీద పాముచేపలు, పెదనాన్న గెలిచామని కర్ర ఊపుతున్నాడు, దుబాసీ చెవిలో ఏదో చెబితే విని మెరేయానా అటునుంచి నడిచి వస్తోంది, ఏం దొరగారూ, ఈ ఏడు మీ నేలలో చిలగడదుంప నాటుకోవచ్చా, అంది, అందరూ నవ్వారు, పోవే, అని అతనూ నవ్వబోయాడు, నవ్వులు ఆగాయి, ఆమె మాత్రం కదల్లేదు, పళ్లు బిగించి అతని మొహంలోకే చూస్తోంది, చెప్పన్నా, నాటుకోనా, అంది ఈసారి మెల్లగా, ఆమె జవాబు కోసం ఆగిందని అప్పుడు తెలిసింది, ఏ ఏడూ ఎవరినీ అడగని మనిషి, మిగతా తొమ్మిదిమందికి తను భయపడ్డట్టే ఆమె తనకు భయపడుతోంది, పడవ అలాగే ఉంది, కాగితం మీద పేరుంది, ఓటుంది, వీటన్నిటితో పాటు వచ్చింది ఇదీ, తన చెల్లెలు తన ముందు వానలో నిలబడి అనుమతి అడగడం.